లాఠీతో కొట్టారు, ఆసుపత్రి రిజిస్టర్‌లో 'జారిపడ్డాడు' అని రాశారు. పోలీసుకు శిక్ష పడిన కేసు ఒక్కటైనా ఉందా?

తెల్లకాగితం
మొన్న సోమవారం మా జిల్లా కేంద్రంలో ఫీజు బకాయిల మీద ధర్నా జరిగింది. మా తమ్ముడు వెళ్లాడు. వాడేమీ నాయకుడు కాదు, వెనక వరుసలో ఫ్లెక్సీ కర్ర పట్టుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం గేటు దగ్గర తోపులాట మొదలైంది, లాఠీచార్జి చేశారు. వాడి ఎడమ ముంజేతి ఎముక విరిగింది, వీపు మీద మూడు చోట్ల దెబ్బలు. ఆసుపత్రికి మాతోపాటే ఒక కానిస్టేబుల్ వచ్చాడు. డ్యూటీలో ఉన్న డాక్టర్ మా తమ్ముణ్ణి ఒక్క మాట అడగలేదు, కానిస్టేబుల్ చెప్పింది చెప్పినట్టు రిజిస్టర్‌లో రాసుకున్నాడు: 'కాలు జారి పడటం వల్ల గాయం'. నేను పక్కనే నిలబడి చదివాను.

సాయంత్రానికి 42 మంది మీద ఎఫ్ఐఆర్ పెట్టారు. విధులకు అడ్డుపడ్డారట. మా వాడు ఏ-19, అంటే 19వ ముద్దాయి. చెయ్యి విరిగింది వాడిది, కేసూ వాడి మీదే.

అమ్మ 'ఊరుకోరా, పోలీసులతో మనకెందుకు, ఉద్యోగం రాకుండా పోతుంది' అంటోంది. నాకు నిద్ర పట్టడం లేదు. నా ప్రశ్న ఒకటే. మన రెండు రాష్ట్రాల్లో ధర్నాలో కొట్టినందుకో, కాల్చినందుకో, ఎన్‌కౌంటర్ చేసినందుకో పోలీసులకు కోర్టులో శిక్ష పడి నిలబడిన కేసు ఒక్కటి చెప్పండి. ఉంటే పోరాడతాను. లేకపోతే అమ్మ మాట వింటాను.

గోదారిగట్టు
అమ్మ మాట వినండి. అనుభవంతో చెబుతున్నా.

పాతబస్తీ_చాయ్
శిక్ష మాటేమో గానీ కమిషన్ అయితే వేస్తారు. మా నాన్న తరచూ చెప్పే కేసు 1978 నాటి రమీజాబీది. నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఆమె మీద అత్యాచారం జరిగింది, భర్త అహ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపారు. హైదరాబాద్ అట్టుడికిపోయింది, కర్ఫ్యూ పెట్టారు, కాల్పుల్లో ఇంకా కొందరు చనిపోయారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేస్తే ఆయన పోలీసులదే తప్పని తేల్చారు. తర్వాత కేసు రాయచూరు కోర్టుకు మారింది. అక్కడ అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. కమిషన్‌లో దోషులు, కోర్టులో నిర్దోషులు. అప్పటికి నాన్నకు పంతొమ్మిదేళ్లు. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే టీ గ్లాసు కింద పెట్టేస్తాడు.

సిక్కోలు_చిన్నది
మాది సోంపేట దగ్గర. 2010 జూలై 14న బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ అదే జరిగింది. ఒక్క జిల్లాలో ఎనిమిది నెలల్లో రెండుసార్లు.

మీకు ఇంకో సంగతి చెప్పాలి. కాల్పులు జరిగిన వెంటనే సోంపేట ప్లాంటు పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. ఆ భూమి పనికిరాని బీడు కాదు, చిత్తడి నేల అని మా వాళ్లు మొత్తుకున్నదే నిజమని తేలింది. చనిపోయినవాళ్లు అడిగింది న్యాయమేనని ప్రభుత్వ సంస్థే ఒప్పుకుంది. మరి తుపాకీ పేల్చమన్నది ఎవరు? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఊళ్లవాళ్లు మాత్రం ఏళ్లతరబడి వాయిదాలకు తిరిగారు. మా పెదనాన్న వాయిదా రోజున చేపల వేటకు పోకుండా బస్సెక్కి కోర్టుకు పోయేవాడు.

రేపటి_పేపర్
బషీర్‌బాగ్ మర్చిపోయారా? 2000 ఆగస్టు 28, కరెంటు చార్జీలు. చలో అసెంబ్లీ మీద కాల్పులు జరిగితే ముగ్గురు పోయారు. ముదిగొండ: 2007 జూలై 28, భూమి కోసం బంద్, ఏడుగురు. అక్కడ వాడింది ఏకే-47. బంద్ చేస్తున్న పల్లెటూరి జనం మీద ఏకే-47. ఏటా ఆ తారీఖున దండలు వేస్తాం, నినాదాలు ఇస్తాం. నేనూ వెళ్లి వేశాను. ఒక్కరికీ శిక్ష పడలేదు.

రాళ్లసీమ_రెడ్డప్ప
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. పోలీసులు చావలేదా? 1993లో నక్సలైట్లు డీఐజీ వ్యాస్‌ను లాల్ బహదూర్ స్టేడియంలో కాల్చేశారు. 1999లో ఐపీఎస్ అధికారి ఉమేశ్ చంద్రను ఎస్ఆర్ నగర్‌లో పట్టపగలు రోడ్డు మీద చంపారు. 2008 జూన్‌లో బలిమెల రిజర్వాయర్‌లో పడవ మీద దాడి చేస్తే 38 మంది పోయారు, ఎక్కువమంది గ్రేహౌండ్స్ (నక్సలైట్ల గాలింపుకు పెట్టిన ప్రత్యేక పోలీసు దళం) వాళ్లే. 2005 ఆగస్టు 15న జెండా పండగ రోజే నారాయణపేటలో ఎమ్మెల్యే నర్సిరెడ్డితోపాటు మరికొందర్ని చంపారు. ఇన్ఫార్మర్ అని ముద్ర వేసి కొట్టి చంపిన పల్లెటూరివాళ్ల లెక్క ఎవరు చెబుతారు? వాళ్లకు ఏ కమిషన్ వేశారు?

రేపటి_పేపర్
@రాళ్లసీమ_రెడ్డప్ప అది తప్పు కాదని ఇక్కడ ఎవరన్నారు? పౌరహక్కుల సంఘంలో ఉండి బాలగోపాల్ సరిగ్గా ఈ విషయం మీదే విభేదించి బయటికొచ్చారు. 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. చంపింది ఎవరైనా తప్పు తప్పే అని ఆయన రెండువైపులా తిట్లు తిన్నాడు. కానీ ఒక తేడా ఉంది. నక్సలైటు చంపితే హత్య కేసు పెడతారు, పట్టుకుంటారు, జైల్లో వేస్తారు. పోలీసు చంపితే ముందు ఆ కేసే ఉండదు.

లాయర్‌బాబాయ్
ఇప్పుడు అసలు విషయంలోకి వచ్చారు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఎన్‌కౌంటర్ జరిగిన రోజు రాసే ఎఫ్ఐఆర్ మీలో ఎవరైనా చూశారా? నేను చాలా చూశాను. ఫిర్యాదుదారు కాల్చిన పోలీసు అధికారి. ముద్దాయి చనిపోయినవాడు. నేరం పోలీసుల మీద హత్యాయత్నం. ఆ తర్వాత 'ముద్దాయి మరణించాడు కాబట్టి కేసు మూసివేయడమైనది' అని ఒక్క వాక్యం రాసి ఫైలు కట్టేస్తారు. మనిషి చనిపోయాడు, కానీ మనిషిని చంపినట్టు ఎక్కడా రాత ఉండదు. ఆత్మరక్షణ కోసం కాల్చామంటే ఆ మాట తేలాల్సింది కోర్టులో. సాక్ష్యం చూసి తేల్చాలి. ఇక్కడ ఫిర్యాదు రాసినవాడే తేల్చేస్తున్నాడు.

దీని మీద మన రాష్ట్రంలోనే పెద్ద పోరాటం నడిచింది. పౌరహక్కుల సంఘం ఫిర్యాదుల మీద విచారించి జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997 మార్చిలో దేశమంతటికీ మార్గదర్శకాలు పంపింది. వాటికి మూలం ఆంధ్ర ఎన్‌కౌంటర్లే. 2009 ఫిబ్రవరిలో మన హైకోర్టు ఐదుగురు జడ్జిల బెంచి స్పష్టంగా చెప్పింది: ప్రతి ఎన్‌కౌంటర్ చావుకూ ఎఫ్ఐఆర్ కట్టాలి, ఆత్మరక్షణ సంగతి విచారణలో తేలాలి. నెల తిరగకముందే సుప్రీంకోర్టు నుంచి స్టే వచ్చింది. ఆ తర్వాత 2014లో సుప్రీంకోర్టే మహారాష్ట్ర కేసులో 16 సూత్రాలు పెట్టింది. వేరే స్టేషన్ వాళ్లో సీఐడీనో దర్యాప్తు చెయ్యాలి, వాడిన ఆయుధాలు పరీక్షకు అప్పగించాలి, ఘటన జరగ్గానే ప్రమోషన్లూ శౌర్య పతకాలూ ఇవ్వకూడదు. రాత బాగుంది.

ఆ తీర్పు వచ్చి ఏడాది కూడా కాకముందే 2015 ఏప్రిల్ 7 వచ్చింది. శేషాచలం అడవుల్లో 20 మంది తమిళ కూలీలను పోలీసులు కాల్చేశారు. అదే రోజు ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలను పోలీసు వ్యాన్‌లోనే కాల్చేశారు. ఫొటోల్లో వాళ్ల చేతులకు బేడీలు అలాగే ఉన్నాయి.

గోదారిగట్టు
బాబాయ్ పోస్టు చదవడానికి రెండుసార్లు టీ పెట్టుకున్నా. కానీ వ్యాన్‌లో బేడీల ఫొటో నాకూ గుర్తుంది. పేపర్లో చూసి ఆ పేజీ మడిచి పక్కన పెట్టేశాను.

చార్మినార్_ఎక్స్‌ప్రెస్
వెటర్నరీ డాక్టర్ మీద అత్యాచారం, హత్య జరిగిన దిశ కేసులో అందరూ పూలు చల్లారు కదా. నేనూ ఆ రోజు స్టేటస్ పెట్టాను, దాచను. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నిందితులు నలుగుర్నీ కాల్చారు. పొద్దున వంతెన మీద నుంచి జనం పోలీసుల మీద గులాబీ రేకులు చల్లారు. మా ఆఫీసులో స్వీట్లు పంచారు. నేను తిన్నాను.

2022లో సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చాక కూర్చుని చదివాను. పోలీసుల కథనం నమ్మేలా లేదు, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారు, 10 మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలి అని రాశారు. కాల్చిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా రాశారు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ అమ్మాయికి జరిగింది ఘోరం. ఆ ఘోరం ఎవరు చేశారో కోర్టులో తేలే అవకాశమే లేకుండా పోయింది. ఆ కుటుంబానికి కూడా తీర్పు దక్కలేదు.

రాళ్లసీమ_రెడ్డప్ప
ఉరి వేయడానికి పదేళ్లు తీసుకునే కోర్టులను నమ్ముకోమంటారా? జనం పూలు చల్లింది కోపంతో. ఆ కోపాన్ని తప్పు పట్టడం తేలిక.

చార్మినార్_ఎక్స్‌ప్రెస్
అన్నా, కోపం నాదీ. కోర్టు ఆలస్యం చేస్తే కోర్టును నిలదీయాలి. పూలు చల్లించుకున్నవాళ్లకే ఇవాళ ఈ పిల్లాడి చెయ్యి విరగ్గొట్టినా ఏమీ కాదన్న ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను.

తెల్లకాగితం
కమిషన్ సుప్రీంకోర్టు వేసింది, ముగ్గురు పెద్దలు కూర్చుని 10 మంది మీద విచారణ జరపాలని రాశారు. అయినా ఏమీ కాలేదంటే ఇక మా తమ్ముడి చెయ్యి ఎవరికి పట్టింది?

లాయర్‌బాబాయ్
@తెల్లకాగితం సుప్రీంకోర్టు ఆ నివేదికను తెలంగాణ హైకోర్టుకు పంపింది. వ్యవహారం అక్కడ నలుగుతోంది. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. 1952 విచారణ కమిషన్ల చట్టం కింద వేసే కమిషన్ ఇచ్చేది అభిప్రాయం మాత్రమే. తీర్పు కాదు. అక్కడ సాక్షి చెప్పిన మాటను తర్వాత అతని మీదే క్రిమినల్ కేసులో వాడుకోవడానికి వీల్లేదు. ఆరు నెలల్లోగా నివేదికను, తీసుకున్న చర్యలను అసెంబ్లీలో పెట్టాలని చట్టం ఉంది. పెట్టినా అక్కడితో ఆగిపోవచ్చు. తమిళనాడు తూత్తుకుడిలో 2018 మేలో స్టెరిలైట్ ఫ్యాక్టరీ వద్దన్న జనం మీద పోలీసు కాల్పుల్లో 13 మంది చనిపోయారు. అరుణా జగదీశన్ కమిషన్ 17 మంది పోలీసుల మీద చర్య తీసుకోమంది. నివేదిక అసెంబ్లీలో పెట్టారు, పేపర్లలో మొదటి పేజీలో వచ్చింది.

అందుకే నా దగ్గరికొచ్చేవాళ్లకు చెబుతుంటాను, 'న్యాయ విచారణ జరిపించాలి' అని నినాదం ఇవ్వకండి, 'ఎఫ్ఐఆర్ కట్టండి' అని ఇవ్వండి.

ఖాకీ_కూతురు
ఈ చర్చ రెండు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మా నాన్న ఏఆర్ (సాయుధ రిజర్వు) కానిస్టేబుల్‌గా రిటైర్ అయ్యారు, 33 ఏళ్ల సర్వీసు.

బందోబస్తు అంటే ఏంటో మీకు తెలియదు. పొద్దున నాలుగింటికి లారీ ఎక్కిస్తారు. ఎక్కడికో చెప్పరు. టిఫిన్ పొట్లం పది గంటలకు వస్తే అదృష్టం. ఎండలో హెల్మెట్, షీల్డ్. అవతలివాళ్లు అమ్మనీ అక్కనీ తిడుతుంటారు. ఒకసారి ఇటుక తగిలి నాన్న కనుబొమ్మ పగిలింది, ఏడు కుట్లు. ఆ ఇటుక విసిరినవాడు ఫలానా పార్టీ కార్యకర్త అని అందరికీ తెలుసు. కేసు కట్టారు. రెండేళ్ల తర్వాత ప్రభుత్వం మారింది, 'ప్రజా ఉద్యమ కేసులు' అని జీవో ఇచ్చి మొత్తం ఎత్తేశారు. నాన్న కుట్ల గుర్తు అలాగే ఉంది. మా నాన్నకు ఎవరు జవాబుదారీ?

లాఠీ ఎత్తమన్నది ఎవరో పైనుంచి వైర్‌లెస్ సెట్‌లో చెబుతారు. గొడవయ్యాక మెమో వచ్చేది మాత్రం కానిస్టేబుల్‌కే. మరీ ఎక్కువైతే సీఐని వీఆర్‌కు, అంటే పోస్టింగ్ లేకుండా పక్కకు, పంపుతారు. మూడు నెలల్లో ఇంకో మంచి స్టేషన్ వస్తుంది.

సిక్కోలు_చిన్నది
@ఖాకీ_కూతురు మీ నాన్నగారి కుట్లకు జవాబు చెప్పకుండా జీవో ఇచ్చినవాళ్లే సోంపేట మీద నోరెత్తలేదు. ఇద్దర్నీ వదిలేసింది ఒకే చెయ్యి.

పల్నాటి_పౌరుషం
పార్టీ గొడవల విషయంలో మా వైపు కేసులు ఎత్తేసే పని ఎన్నికల మేనిఫెస్టోలో రాయనవసరం లేనంత మామూలు. గెలిచినవాళ్లు తమవాళ్ల కేసులు ఎత్తేస్తారు, ఎదుటివాళ్ల మీద కొత్తవి కడతారు. ఐదేళ్లకోసారి తారుమారు. 2024 పోలింగ్ రోజున, ఆ మరుసటి రోజున మాచర్ల, తాడిపత్రి, తిరుపతి ఎలా మండాయో చూశాం. ఎన్నికల సంఘం పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండ్ చేసింది, సిట్ వేసింది. అదైనా ఎందుకు చేసింది? పోలింగ్ బూత్‌లో కెమెరా ఉంది కాబట్టి. ఈవీఎం నేలకేసి కొట్టిన వీడియో బయటికి రాకపోతే 'గుర్తుతెలియని వ్యక్తులు' అని రాసేవాళ్లు. మా ఊళ్లో ఆ రోజు మూడు ఇళ్ల తలుపులు గొడ్డళ్లతో నరికారు. అక్కడ కెమెరా లేదు. ఆ కేసులో ఇప్పటికీ గుర్తుతెలియని వ్యక్తులే.

గోదారిగట్టు
కెమెరాలు స్టేషన్లలోనూ ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది కదా, ఏమయింది?

లాయర్‌బాబాయ్
2020 డిసెంబర్ 2న చెప్పింది. ప్రతి స్టేషన్‌లో లాకప్, వరండా, రిసెప్షన్ అన్నిచోట్లా కెమెరా ఉండాలని, రికార్డింగ్ దాచాలని. ఆ ఏడాదే జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులను స్టేషన్‌లో కొట్టిన కేసు చూడండి. మేజిస్ట్రేటు వెళ్లి చూస్తే కెమెరా ఉంది, కానీ రికార్డింగ్ ఏ రోజుకారోజు చెరిగిపోయేలా పెట్టుకున్నారు. చివరికి ఆ స్టేషన్‌లోనే పనిచేసే ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ మేజిస్ట్రేటు ముందు నిజం చెప్పింది. బయట తోటి పోలీసులు నిలబడి ఉండగా చెప్పింది. ఆ కేసుకు ఆమె మాటే వెన్నెముక.

ఖాకీ_కూతురు
ఆమె గురించి చదివిన రోజు నాన్నకు కూడా చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 'ఆ అమ్మాయికి ధైర్యం ఉంది' అన్నారు. అంతే.

రేపటి_పేపర్
అసలు ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. మన రెండు రాష్ట్రాల్లో శిక్ష పడి నిలబడిన కేసు? విశాఖ ఏజెన్సీలోని వాకపల్లి చూద్దామా అంటే అదీ లేదు. 2007 ఆగస్టు 20న గాలింపుకు వెళ్లిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు చెప్పారు. పదేళ్లు కోర్టులు తిరిగితే 2017లో విచారణకు దారి దొరికింది. 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు 13 మందినీ వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా చెయ్యలేదని తప్పు పట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. నేరం రుజువు కాలేదు, పరిహారం ఇవ్వండి. ఆ కొండమీది ఆడవాళ్లు దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

లాయర్‌బాబాయ్
ఇక్కడివి వెతకడం కష్టమే. బయటివి చెబుతాను, @తెల్లకాగితం నువ్వు అమ్మకు చెప్పడానికి పనికొస్తాయి.

కేరళలో 1970లో వర్గీస్ అనే నక్సలైట్ నాయకుణ్ణి వయనాడ్ అడవిలో పట్టుకుని కాల్చారు. ఎన్‌కౌంటర్ అన్నారు. 28 ఏళ్ల తర్వాత 1998లో రామచంద్రన్ నాయర్ అనే కానిస్టేబుల్ 'కాల్చింది నేనే, పై అధికారి ఆజ్ఞ మీద కాల్చాను' అని బయటపెట్టాడు. తన మీద కూడా హత్య కేసు వస్తుందని తెలిసే చెప్పాడు. తీర్పు చూడకుండానే చనిపోయాడు. 2010లో ఆ ఆజ్ఞ ఇచ్చిన లక్ష్మణకు, అప్పటికి ఐజీగా రిటైరైన మనిషికి, యావజ్జీవం పడింది. నలభై ఏళ్లు.

ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో 1997లో గూండాలనుకుని ఇద్దరు వ్యాపారుల్ని కాల్చారు. ఏసీపీతో కలిపి పదిమంది పోలీసులకు 2007లో యావజ్జీవం, 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. యూపీలోని పిలిభీత్‌లో 1991లో సిక్కు యాత్రికుల్ని బస్సు దింపి చంపిన కేసులో 2016లో 47 మంది పోలీసులకు శిక్ష పడింది.

ఇక హాషింపురా. 1987 మే, మీరట్. పీఏసీ (యూపీ సాయుధ పోలీసు దళం) వాళ్లు ముస్లిం యువకులను లారీలో ఎక్కించుకెళ్లి కాలువ దగ్గర కాల్చేశారు, దాదాపు 40 మంది. 2015లో కింది కోర్టు అందర్నీ వదిలేసింది. చంపింది పీఏసీయే, కానీ ఆ లారీలో ఉన్నది ఫలానా ఈ మనుషులేనని రుజువు లేదంది. హైకోర్టులో అప్పీలు నడుస్తుండగా మీరట్ పోలీస్ లైన్స్ జనరల్ డైరీ కోర్టు ముందుకొచ్చింది. ఆ రోజు ఎవరు డ్యూటీకి వెళ్లారో పేర్లతో రాసి ఉంది. 2018 అక్టోబర్ 31న ఢిల్లీ హైకోర్టు 16 మందికి యావజ్జీవం వేసింది. 31 ఏళ్ల పాటు ఏదో బీరువాలో పడున్న ఒక రిజిస్టర్ చేసిన పని అది.

నీ తమ్ముడి కేసులోనూ మొదటి పోరాటం ఆ ఆసుపత్రి రిజిస్టర్ మీదే.

డ్యూటీడాక్టర్
ఆ రిజిస్టర్ గురించి నేను చెప్పాలి. క్యాజువాల్టీలో ఆరేళ్లు చేశాను. మెడికో లీగల్ కేసు రిజిస్టర్‌లో 'గాయం ఎలా అయిందని చెప్పారు' అన్న గడి ఉంటుంది. అక్కడ రాయాల్సింది పేషెంటు చెప్పిన మాట. వెంట వచ్చిన పోలీసు చెప్పింది కాదు. కానీ రాత్రి డ్యూటీలో ఒక్కరమే ఉంటాం, ఎదురుగా యూనిఫాం నిలబడి 'రాయండి మేడం' అంటుంటే కొత్తలో నాకూ చెయ్యి వణికింది. ఒకసారి నేనూ అలా రాశాను. ఆ పేషెంటు ముఖం ఇప్పటికీ గుర్తుంది.

@తెల్లకాగితం ఇప్పుడు ఒక పని చెయ్యండి, ఇవాళే. వీపు మీద దెబ్బలు ఎలా ఉన్నాయో చూడండి. లాఠీ లాంటి గుండ్రటి కర్రతో కొడితే రైలు పట్టాల్లా పక్కపక్కనే రెండు ఎర్రగీతలు పడతాయి, మధ్యలో చర్మం మామూలుగా ఉంటుంది. జారిపడితే అలా రావు. కమిలిన రంగు రోజురోజుకూ మారుతుంది. ఎర్రగా ఉన్నది నీలం, తర్వాత ఆకుపచ్చ, చివరికి పసుపు. రెండు వారాలు దాటితే దాదాపు ఏమీ మిగలదు. పక్కన స్కేలు పెట్టి, వెలుతురులో, ముఖం కూడా కనిపించేలా ఒకటి, దగ్గర్నుంచి ఒకటి ఫొటోలు తీయండి. ఎక్స్‌రే ఫిల్మ్ మీద తేదీ ఉందో లేదో చూసుకోండి. రేపు సూపరింటెండెంట్‌ను కలిసి మళ్లీ పరీక్ష చేయమని రాతపూర్వకంగా అడగండి.

లాయర్‌బాబాయ్
డాక్టరమ్మ చెప్పింది ముందు చెయ్యి. మిగతాది నేను చెబుతా.

గుంపును చెదరగొట్టమని ఆజ్ఞ ఇవ్వాల్సింది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ, స్టేషన్ ఇన్‌చార్జి గానీ. అతను లేకపోతే ఎస్ఐ స్థాయికి తగ్గని అధికారి. సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో అది 148వ సెక్షన్. ముందు వెళ్లిపొమ్మని చెప్పాలి. ఎవరు చెప్పారు, ఎన్నింటికి చెప్పారు, మైకులో చెప్పారా? ఇది అడుగు. ఆ పని మీద ఉన్న పోలీసుపై కేసు పెట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని 151 చెబుతుంది. మామూలు విధుల విషయంలో 218. అయితే 218లో కొత్తగా ఒక మాట చేర్చారు: 120 రోజుల్లో ప్రభుత్వం ఏమీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే. పాత చట్టంలో ఈ గడువు లేదు, ఫైళ్లు ఏళ్లకేళ్లు పడుకునేవి.

స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వు, తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపు, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కేసు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఏడాది లోపే ఫిర్యాదు వెళ్లాలి, దాటితే తీసుకోరు. ప్రతి రసీదూ దాచు.

రాళ్లసీమ_రెడ్డప్ప
నేను పోలీసుల తరఫున వాదించానని నన్ను ఎవరూ అపార్థం చేసుకోవద్దు. వెనక వరుసలో ఫ్లెక్సీ పట్టుకున్న పిల్లాణ్ణి కొట్టడం తప్పు. అది ధర్నాను ఆపడం కాదు. @తెల్లకాగితం వకీలు ఖర్చుకు ఇబ్బందైతే చెప్పు.

గోదారిగట్టు
మొదట అమ్మ మాట వినమన్నది నేనే. 2012లో మా బావమరిదికి ఇలాగే జరిగింది. ఊరుకున్నాం. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. కానీ ఇప్పటికీ రోడ్డు మీద ఖాకీ కనిపిస్తే బండి స్లో చేసి పక్కకు ఆపేస్తాడు, ఏ తప్పూ లేకపోయినా. నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఫొటోలు తీశావా?

తెల్లకాగితం
తీశాం. చెల్లి జామెట్రీ బాక్సులోని స్కేలు పెట్టి తీసింది. డాక్టర్ గారు చెప్పినట్టే ఉన్నాయి, రెండేసి గీతలు, మూడు చోట్ల. ఇంతవరకు మేము వాటిని సరిగ్గా చూడనే లేదు. అమ్మ చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి వచ్చి 'రేపు నేనూ ఆసుపత్రికి వస్తా' అంది.

డ్యూటీడాక్టర్
అమ్మగారిని తప్పకుండా తీసుకెళ్లండి. రిజిస్టర్ సీరియల్ నంబరు అడిగి రాసుకోండి.

తెల్లకాగితం
నాలుగు రోజులకు అప్‌డేట్. మొదటి రోజు సూపరింటెండెంట్ లేరన్నారు. రెండో రోజు గంటన్నర కూర్చోబెట్టారు. అమ్మ కుర్చీలోంచి లేవలేదు. చివరికి వేరే డాక్టర్ పరీక్ష చేసి కొత్తగా రాశారు: 'లాఠీతో కొట్టారని గాయపడిన వ్యక్తి చెబుతున్నాడు'. పాత రాత కొట్టెయ్యలేదు, అది అలాగే ఉంది. కొత్తది వేరే నంబరుతో ఉంది. రెండు నంబర్లూ రాసుకున్నాను. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోలేదు. ఎస్పీకి పోస్టులో పంపాను, రసీదు లాయర్ బాబాయ్‌కి వాట్సాప్ చేశాను.

ఖాకీ_కూతురు
ఇంకొకటి. ఆ రోజు బందోబస్తుకు ఎవరెవర్ని ఎక్కడ వేశారో కాగితం ఉంటుంది. ఏఆర్ వాళ్లకు డ్యూటీ పాస్‌పోర్టు రాస్తారు, స్టేషన్‌లో జనరల్ డైరీలో ఎంట్రీ ఉంటుంది. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టేటప్పుడు ఈ రెండు పేర్లూ తేదీతో సహా రాయండి. 'వివరాలు ఇవ్వగలరు' అని రాస్తే ఏమీ రాదు. ఈ మాట నాన్న చెప్పమన్నారు.

తెల్లకాగితం
నాన్నగారికి నమస్కారం చెప్పండి అక్కా. దరఖాస్తు ఈ రాత్రికే రాస్తాను.